స్వామికి తెర ఉన్నది, భక్తునికి ఏదీ?



ఆత్మబంధువులారా, ప్రతిదినం మహానైవేద్య సమయంలో మేము గర్భాలయ ద్వారానికి తెర వేస్తాము. అభిషేకానంతరం వస్త్రం మార్చేటప్పుడు, అలంకారం చేసేటప్పుడు కూడా వేస్తాము. వెలుపల ఎంతమంది భక్తులు నిరీక్షిస్తున్నా, ఎంతటి అధికారి వచ్చి నిలిచినా, ఆ కార్యం పూర్తి కానిదే తెర తొలగదు. ముప్పది సంవత్సరాలకు పైగా ఈ రాయికల్‌లో అర్చకత్వం చేస్తున్న నేను ఆ తెరను ఎన్ని వేల పర్యాయములు వేసి తీశానో లెక్క లేదు. అయినను, ఆ తెర ఏమి చెబుతున్నదో నాకు నిరుడు కార్తీకంలో గాని బోధపడలేదు. అది కూడా నా అపరాధం వలన, ఒక స్త్రీ కన్నీటి వలన బోధపడింది. ఆ విషయమే ఈనాడు మీకు విన్నవించుకొంటున్నాను.

ముందుగా ఒక మాట. ఈ వృత్తాంతం వ్రాయడానికి ఆ తల్లి అనుమతి తీసికొన్నాను. "మా ఊరి పేరు రాయకుండ్రి అయ్యగారూ, నేను ఏం పని జేస్తనో రాయకుండ్రి" అని ఆమె రెండు నియమాలు పెట్టింది. వాటిని పాటిస్తున్నాను. ఆమె ఎందుకు ఏడ్చిందో ఇప్పుడు నాకు తెలుసు. అది కూడా వ్రాయను. ఆ మూడవ నియమం నాకు నేను పెట్టుకొన్నది.

కార్తీక పౌర్ణమి సాయంకాలం. ఆలయ ప్రాంగణం నిండా ఉసిరిక దీపాలు, మూడువందల అరవైయైదు వత్తుల దీపాలు. ధ్వజస్తంభం ప్రక్కన ఒక స్త్రీ ఒంటరిగా కూర్చొని దీపం ఎదుట నిశ్శబ్దంగా విలపిస్తున్నది. ఆమెకు చుట్టుప్రక్కల ఎవరున్నారో స్పృహ లేదు. కొంగు జారినది కూడా ఎరుగదు. మా చిన్న కుమారుడు ఆలయ విశేషాలను ఫోన్‌లో చిత్రీకరించి యూట్యూబ్‌లోను, వాట్సాప్ సమూహాలలోను పెడుతుంటాడు. వాడు ఆ దృశ్యాన్ని దూరం నుండి దగ్గరకు లాగి చిత్రీకరించాడు. రాత్రి ఇంటికి వచ్చి, "నాన్నగారూ, పెట్టమంటారా?" అని అడిగాడు.

వాడు అడిగాడు. ఇది నేను మరువరాదు. అడిగినది నన్ను; అడుగవలసినది ఆమెను. నేను ఆ వీడియోను రెండుసార్లు చూచి, "భక్తి అంటే ఇదీ, పెట్టు నాయనా" అన్నాను. ఆ మాటనే వాడు శీర్షికగా పెట్టాడు. క్రింద ఒక సినిమా పాట కూడా చేర్చాడు. మా ఆలయ వీడియోలకు ఎన్నడూ లేనంత ఆదరణ దానికి లభించింది. "కళ్ళు చెమర్చాయి స్వామీ" అని ఎందరో వ్రాశారు. నేను సంతోషించాను. అహంకారం భక్తి వేషంలో వస్తే గుర్తుపట్టుట ఎంత కష్టమో ఆనాడు నాకు తెలియదు.

మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో గల్ఫ్ దేశాలకు వెళ్ళిన మనిషి లేని వాడ అరుదు. ఆ తల్లి భర్త కూడా అక్కడనే ఉన్నాడు. వాడకట్టు మనిషి ఒకడు తన శిబిరంలో ఆ వీడియో చూచి, గుర్తుపట్టి, ఆమె భర్తకు చూపాడు. ఆ రాత్రే ఫోన్ వచ్చింది. ఏమి కష్టం వచ్చిందని గుడిలో కూర్చొని ఏడ్చావు, నేను పైసలు పంపడం లేదని లోకానికి చెప్పదలచావా, నా పరువు తీశావు గదా అని ప్రశ్నల మీద ప్రశ్నలు. అత్తవారింట అనుమానం. వాడలో గుసగుసలు. ఎవరికీ చెప్పరాని బాధను ఆమె ఒక్క స్వామికి మాత్రమే చెప్పుకొన్నది. నేను దానిని లోకానికి వడ్డించాను.

నాలుగవ నాడు ఆమె తన అన్నగారితో ఆలయానికి వచ్చింది. కోపించలేదు, దూషించలేదు. తల వంచుకొని ఒక్క మాట అన్నది: "అయ్యగారూ, నేను దేవునికి చెప్పుకున్న. ఊరికి చెప్పుకోలె."

వేదం చదువుకొన్నాను, ఆగమం చదువుకొన్నాను. ఆ వాక్యానికి నా వద్ద ప్రత్యుత్తరం లేదు. వీడియోను వెంటనే తొలగింపజేశాను. కాని అది అప్పటికే ఎన్ని ఫోన్లలోకి వెళ్ళిందో ఎవరు చెప్పగలరు? చల్లిన విభూతిని తిరిగి ఏరుకొనలేము. ఆమె అన్నగారు పదునొకండు సంవత్సరాలు షార్జాలో పనిచేసి వచ్చిన మనిషి. వెళ్ళేటప్పుడు ఆయన అన్న మాట మరింత గుచ్చుకొన్నది: "షార్జాల ఎరుకలేనోళ్ళ ఫోటో గిట్ల దీసి పెడితే జైల్ల ఏస్తరు అయ్యగారూ. మన ఊర్లె దేవుని ముంగట దీసినా అడిగేటోడు లేడు."

ఆ మాట నిజమా అని విచారించాను. నిజమే. సంయుక్త అరబ్ ఎమిరేట్స్ 2021లో చేసిన 34వ సంఖ్య గల డిక్రీ చట్టం 2022 జనవరి నుండి అమలులో ఉన్నది. దాని 44వ అధికరణం ప్రకారం, ఇతరుల ఏకాంతానికి భంగం కలిగించే ఉద్దేశంతో, అనుమతి లేక, బహిరంగ స్థలంలోనైనా సరే వారి చిత్రం తీయుట, ప్రచురించుట నేరం. కనీసం 6 నెలల కారాగారం, లక్షా యాభై వేల నుండి 5 లక్షల దిర్హముల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఎడారిలో కూలి చేసే మా రాయికల్ యువకునికి ఈ నియమం కంఠస్థం. ఇక్కడ వేదం కంఠస్థం చేసిన నాకు అది తట్టలేదు.

మరి మన దేశంలో ధర్మశాసనం ఏమంటున్నది? జగిత్యాల న్యాయస్థానంలో వాదించే ఒక న్యాయవాది మా ఆలయ భక్తులు. వారు ఓపికతో నాకు బోధించినదానిని సంగ్రహంగా చెబుతాను.

మన దేశంలో బహిరంగ స్థలంలో అపరిచితుని చిత్రం తీయుటనే నేరంగా పరిగణించే సామాన్య చట్టం లేదు. అయితే కొన్ని హద్దులు ఉన్నాయి. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 77వ సెక్షన్, స్త్రీ తనను ఎవరూ చూడరని భావించే ఏకాంత స్థితిలో ఉన్నప్పుడు చూచుట, చిత్రించుట, ఆ చిత్రాన్ని వ్యాప్తి చేయుట నేరమంటుంది. మొదటిసారి దోషిగా తేలితే 1 నుండి 3 సంవత్సరాల శిక్ష. 79వ సెక్షన్ స్త్రీ గౌరవాన్ని కించపరచే ఉద్దేశంతో ఆమె ఏకాంతంలోనికి చొరబడుటను శిక్షిస్తుంది. సమాచార సాంకేతిక చట్టంలోని 66ఇ సెక్షన్ స్త్రీపురుష భేదం లేకుండ, ఎవరి గుప్తాంగాల చిత్రాన్నైనా సమ్మతి లేక తీసి పంపుటకు 3 సంవత్సరాల వరకు శిక్ష విధిస్తుంది.

అయితే ఈ "ఏకాంత స్థితి"కి చట్టంలో నిర్వచనం సంకుచితమైనది. స్నానం, మలమూత్ర విసర్జనం, వివస్త్ర స్థితి, దాంపత్య చర్య వంటివే అందులోనికి వస్తాయి. 2024 నవంబరులో కేరళ ఉన్నత న్యాయస్థానం ఒక కేసులో, ఏకాంతం ఆశించని చోట ఉన్న స్త్రీని ఫోటో తీయుట ఇటువంటి నేరం క్రిందకు రాదని తీర్పు చెప్పింది. అనగా, దీపం ఎదుట ఏడ్చిన తల్లిని చిత్రించుట ఆ సెక్షన్ ప్రకారం నేరం కాదు. న్యాయవాది గారు ఈ మాట చెప్పినప్పుడు నాకు ఉపశమనం కలుగవలసినది. కలుగలేదు.

వారు మరొక విషయం కూడా చెప్పారు. 2017 ఆగస్టు 24న సర్వోన్నత న్యాయస్థానంలో 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనం, పుట్టస్వామి కేసులో, ఏకాంతత మౌలిక హక్కు అని ఏకగ్రీవంగా ప్రకటించింది. ఆ తీర్పులో ఒక గంభీరమైన భావం ఉన్నది: మనిషి నాలుగు గోడల నుండి బహిరంగ స్థలానికి వచ్చినంత మాత్రాన ఏకాంతతను కోల్పోడు, అది స్థలాన్ని అంటిపెట్టుకొని ఉండేది కాదు, వ్యక్తిని అంటిపెట్టుకొని ఉండేది. ఇది వినగానే నాకు రోమాంచమైంది. మన వేదాంతులు ఆత్మను గూర్చి చెప్పేది కూడా ఇదే పద్ధతి కదా! ఆత్మ దేహమనే గృహానికి చెందినది కాదు. దేహి ఎక్కడికి వెళ్ళినా స్వరూపహాని లేదు.

అదే 77వ సెక్షన్‌లో మరొక సూక్ష్మం ఉన్నది. స్త్రీ తన చిత్రం తీయుటకు ఒప్పుకొని, దానిని ఇతరులకు పంపుటకు ఒప్పుకొనకపోతే, పంపుట నేరమే. చూడనిచ్చుట వేరు, తీయనిచ్చుట వేరు, పంపనిచ్చుట వేరు. ఆ తల్లి ప్రాంగణంలో కూర్చున్నప్పుడు పదిమంది తనను చూడవచ్చునని ఆమెకు తెలుసు. ఆ పదిమంది ప్రక్కకు తిరిగి వెళ్ళిపోతారనీ, మరునాటికి మరచిపోతారనీ కూడా ఆమెకు తెలుసు. ఆ మరపే ఆమెకు తెర. ఫోన్ మరువదు. మేము ఆమె నుండి అపహరించినది ఆ మరపునే.

ఇది కొత్త దుఃఖం కాదు. 1890లో అమెరికాలో వారెన్, బ్రాండైస్ అనే ఇద్దరు న్యాయవేత్తలు ఏకాంతతా హక్కును గూర్చి ప్రసిద్ధ వ్యాసం వ్రాసినప్పుడు, క్షణంలో చిత్రం తీయగల కెమెరాలు, వార్తాపత్రికల చొరబాటు వారి ఆవేదనకు కారణాలు. 1898లో జర్మనీలో బిస్మార్క్ మృతదేహాన్ని ఇద్దరు ఛాయాగ్రాహకులు గదిలోనికి చొరబడి చిత్రించారు. అనంతరం 1907లో ఆ దేశం, మనిషి రూపంపై ఆ మనిషికే హక్కు అని చట్టం చేసింది.

మృతదేహాల మాట వచ్చింది కనుక నా మరొక దోషం కూడా చెప్పుకొంటాను. 2018 సెప్టెంబరు 11న మన కొండగట్టు ఘాట్ రోడ్డులో బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించారు. అంజన్న సన్నిధి ప్రక్కనే జరిగిన ఆ ఘోరం ఈ ప్రాంతపు ప్రతి ఇంటినీ తాకింది. ఆ సాయంకాలానికే మృతుల చిత్రాలు నా ఫోన్‌లోకి వచ్చాయి. "అయ్యో" అంటూనే నేను మరి ఇద్దరికి పంపాను. శవాన్ని వస్త్రంతో కప్పి ముఖాన్ని బంధువులకు మాత్రమే చూపే సంప్రదాయంలో పుట్టి, అపరసంస్కార విధులు తెలిసి, ఎవరి తల్లినో, ఎవరి బిడ్డనో అనాచ్ఛాదితంగా చేయి మార్చాను. ఆనాడు నన్ను ఎవరూ అడుగలేదు. అడిగి ఉంటే కార్తీకంలో ఆ తప్పు జరిగేది కాదేమో!

ఇక శాస్త్రం వైపు చూద్దాం. చూపును గూర్చి మన పెద్దలు విచారించినంత సూక్ష్మంగా ఆధునికులు విచారించారని నేను అనుకోను. మనుస్మృతి నాలుగవ అధ్యాయంలో స్నాతకునికి చెప్పిన ధర్మాలలో, భార్య భుజించేటప్పుడు, తుమ్మేటప్పుడు, ఆవులించేటప్పుడు, తన ఇష్టానుసారం విశ్రాంతిగా కూర్చున్నప్పుడు ఆమెను చూడరాదని ఉన్నది. బాల్యంలో పాఠశాలలో ఇది విని మేము నవ్వుకొన్నాము. ఇప్పుడు ఆలోచిస్తే, ఇందులో ఉన్న మర్యాద విస్మయం కలిగిస్తున్నది. తనదైన ఇంటిలో, తనదైన భార్యనే, ఆమె ఏమరుపాటున ఉన్న క్షణంలో చూడరాదట! అటువంటప్పుడు పరస్త్రీని, పరపురుషుని, ఏమరుపాటున ఉన్న క్షణంలో చిత్రించి లోకానికి చూపుట ఏ ధర్మానికి సమ్మతం?

"కెమెరాకు భేదభావం లేదు గదా, అది ఉన్నది ఉన్నట్లు చూపుతుంది" అని ఒక యువకుడు నాతో వాదించాడు. అతనికి భాగవత ప్రథమస్కంధంలోని కథ చెప్పాను. శుకుడు దిగంబరుడై నడచిపోతుండగా, సరస్సులో స్నానం చేస్తున్న దేవతాస్త్రీలు చలించలేదు. వెనుక వస్తున్న వ్యాసమహర్షి వృద్ధుడు, వస్త్రధారి. ఆయనను చూచి వారు వస్త్రాలు కప్పుకొన్నారు. కారణమడిగితే, స్త్రీపురుష భేదం మీ చూపులో ఉన్నది, మీ కుమారుని చూపులో లేదని చెప్పారు. వేదాలను విభజించిన మహానుభావుని చూపుకే ఆ స్త్రీలు తెర అవసరమనుకొన్నారు. ఫోన్ వెనుక ఉన్న మన చూపు వ్యాసుని చూపుకంటె నిర్మలమా? పైగా ఆ ఫోన్ నుండి వేలమంది చూస్తారు. వారిలో శుకులెందరు?

వేదాంతంలో దృగ్దృశ్య వివేకమనే విచారణ ఉన్నది. చూచేది దృక్కు, చూడబడేది దృశ్యం. రూపాన్ని కన్ను చూస్తుంది, కంటిని మనస్సు ఎరుగుతుంది, మనస్సును సాక్షి ఎరుగుతాడు. ఆ సాక్షి మాత్రం ఎన్నడూ దృశ్యం కాడు. ప్రతి జీవుడు తన లోపల ద్రష్ట. అనుమతి లేక చిత్రించినప్పుడు మనం ఆ ద్రష్టను కేవలం దృశ్యంగా మారుస్తాము. దీపం ఎదుట కూర్చున్నప్పుడు ఆమె స్వామిని చూస్తున్న ద్రష్ట. నా ఫోన్‌లో ఆమె నేను చూపే ఒక వస్తువు. నేను దానికి శీర్షిక పెట్టాను, పాట కూర్చాను. ఒక జీవుని జడపదార్థం చేశాను. ఇది హింస కాకపోతే హింస ఏది? యోగశాస్త్రం చెప్పిన అయిదు యమాలలో అహింస, అస్తేయం రెండూ ఇక్కడ భగ్నమయ్యాయి.

ప్రతిష్ఠాకాలంలో నయనోన్మీలనమనే క్రియ ఉన్నది. బంగారు శలాకతో స్వామి నేత్రాలను తెరుస్తాము. ఆ తొలిచూపు నేరుగా జనుల మీద పడనీయము. దూడతో కూడిన గోవును, కన్యలను, దర్పణాన్ని, పూర్ణకుంభాన్ని ఎదుట నిలుపుతాము. పరమేశ్వరుని చూపుకే ఇన్ని నియమాలు! మన చూపుకు ఏ నియమమూ అక్కరలేదా?

ఇంతకన్న మరొకటి నన్ను సిగ్గుపరచింది. మూలవిరాట్టును ఫోటో తీయరాదని గర్భాలయం ఎదుట బోర్డు వ్రాయించినది నేనే. తీసేవారిని అనేక పర్యాయములు మందలించాను. శిలలో ఆవాహన చేసిన చైతన్యానికి రక్షణ ఇచ్చి, ఏ ఆవాహనా అక్కరలేకుండ అదే చైతన్యం నివసించే మనిషి ముఖాన్ని మాత్రం తీయనిచ్చాను. సర్వాంతర్యామి అని నిత్యం ఉపన్యసించే నేను!

పుణ్యక్షేత్రాలలో ఈ దోషం నానాటికీ పెరుగుతున్నది. 2024 జూలైలో తిరుమల క్యూలో ఒక యూట్యూబరు తాళం తీసే ఉద్యోగి వలె నటించి, గంటల తరబడి నిరీక్షిస్తున్న భక్తులు ఆశతో లేచి నిలబడగానే నవ్వుతూ పరుగెత్తిన వీడియో వ్యాప్తిలోనికి వచ్చింది. దేవస్థానం చర్యలకు పూనుకొన్న తరువాత అతడు క్షమాపణ చెప్పాడు. 2025 ప్రయాగ మహాకుంభంలో, స్నానం చేస్తున్న స్త్రీల వీడియోలను వ్యాప్తి చేసినవారిపై, వాటిని అమ్మజూపినవారిపై ఉత్తరప్రదేశ్ పోలీసులు కేసులు నమోదు చేశారు. అదే కుంభంలో రుద్రాక్షమాలలు అమ్ముకొనేందుకు వచ్చిన ఒక పేద బాలిక కన్నులు అందంగా ఉన్నాయని ఎవరో తీసిన వీడియో దేశమంతటా పాకింది. ఫోన్లు పట్టుకొన్న గుంపులు ఆమె చుట్టూ మూగి, మాలలు అమ్ముకొననీయక, చివరకు ఆమె కుటుంబం ఆమెను మేళా నుండి ఇంటికి పంపవలసి వచ్చింది. వారెవ్వరూ ఆమెను ద్వేషించలేదు. అందరూ మెచ్చుకొన్నవారే. నేనూ ఆ తల్లి భక్తిని మెచ్చుకొన్నవాడనే. మెప్పు కూడా హింస కాగలదని ఇప్పుడు గ్రహించాను.

ఆ కుంభపు మాట మనకు దూరమైనది కాదు. 2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. మన ధర్మపురిలో లక్షలమంది తల్లులు, అక్కచెల్లెండ్రు తడివస్త్రాలతో మెట్లు ఎక్కుతారు. ప్రతి చేతిలో ఫోన్ ఉంటుంది. నదీస్నానం బహిరంగమే, కాని స్నానం చేసేవారు గోదావరి తల్లి ఒడిలో ఉన్నారు, మన వేదిక మీద కాదు.

"అయితే ఫోన్లను నిషేధించాలా స్వామీ?" అని అడుగుతారేమో! నేను అంత దూరం వెళ్ళను. రెండు విషయాలు నన్ను ఆపుతున్నాయి.

మొదటిది. చిత్రం దుర్బలునికి ఆయుధం కూడా. అధికారంలో ఉన్నవాడు తన విధినిర్వహణలో అన్యాయం చేస్తుంటే చిత్రించుట సాక్ష్యధర్మం. అక్కడ మౌనమే దోషం. బలవంతుని కర్మను బలహీనుడు చిత్రించుట వేరు, బలహీనుని దుఃఖాన్ని ఎవరైనా చిత్రించుట వేరు. దీనికి విపర్యయం కూడా ఉన్నది. 2021 మే నెలలో హైదరాబాదులో పోలీసులు ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తను ఆపి, మాస్కు తీయమని, ఆయన నిరాకరించినా ఫోటో తీసికొన్నారు. ఆ చిత్రం ఏమవుతుందో చెప్పమని ఆయన నోటీసు ఇచ్చారు, సమాధానం రాలేదు. ముఖాలను యంత్రం ద్వారా గుర్తించే విధానాన్ని ప్రశ్నిస్తూ ఆయన వేసిన వ్యాజ్యంలో 2022 జనవరిలో తెలంగాణ ఉన్నత న్యాయస్థానం ప్రభుత్వానికి నోటీసులు జారీ చేసింది. మతం ఏదైనా, ఊరు ఏదైనా, "నా ముఖాన్ని ఎందుకు తీశారు?" అన్న ఆయన ప్రశ్నకు, మా తల్లి అన్న మాటకు నాకు భేదం కనిపించలేదు.

రెండవది. అదే గల్ఫ్ శిబిరంలో, అదే ఫోన్‌లో, బతుకమ్మ ఆడుతున్న తన బిడ్డను చూచుకొని ఏడ్చే తండ్రులున్నారు. తల్లి అంత్యక్రియలకు రాలేక వీడియోలోనే కడసారి చూపు చూచుకొన్నవారిని ఎరుగుదును. వారికి ఆ చూపును కాదనే అధికారం నాకు లేదు. కాని బిడ్డను తండ్రికి చూపుట బంధం. ఆ బిడ్డనే, ఆటలో ఒళ్ళు మరచిన క్షణంలో, ఎరుకలేని లక్షమందికి చూపుట బంధం కాదు. తీసేవాడు ఒకడే, ఫోన్ ఒకటే. ఎవరికొరకు అన్నదే ప్రశ్న.

మా ఆలయంలో ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకొన్నాము. ఉత్సవాన్ని, రథాన్ని, దీపాల వరుసలను చిత్రిస్తాము. జనులను వెనుక నుండి, దూరం నుండి మాత్రమే. ముఖం దగ్గరగా తీయవలసి వస్తే ముందు అడుగుతాము; తీసిన తరువాత చూపి, పెట్టవచ్చునా అని మరల అడుగుతాము. పిల్లలైతే తల్లిదండ్రులను అడుగుతాము. ఏడ్చేవారిని, పూనకంలో ఉన్నవారిని, తడివస్త్రాలతో ఉన్నవారిని అడుగనే అడుగము. ఆ స్థితిలో అడుగుట కూడా చొరబాటే. ఎవరైనా "తీసేయండి" అంటే కారణం అడుగకుండ తీసివేస్తాము. మా చిన్నవానికి మొదట కష్టం తోచింది. "ఇట్లయితే చూసేవాళ్ళు తగ్గుతారు నాన్నగారూ" అన్నాడు. తగ్గారు. తగ్గనీ. స్వామి మనలను చూస్తే చాలునని నేనన్నాను; ఆ మాట చెప్పుటకు నాకు ఏ అర్హత ఉన్నదని లోలోపల సంకోచించాను కూడా.

వాడు ఆ తల్లి ఇంటికి స్వయంగా వెళ్ళి క్షమాపణ చెప్పి వచ్చాడు. నేను ఆమె భర్తకు ఫోన్ చేసి, తప్పు నాదని, ఆమెకు ఏమీ తెలియదని చెప్పాను. చాలాసేపు ఆయన మాట్లాడలేదు. తరువాత, "మీరు అడిగిండ్రు సారూ, ఆ ఒక్కటి చాలు" అన్నాడు. వారి ఇంటిలో అన్నీ సర్దుకొన్నాయని నేను అనలేను. అది నాకు తెలియవలసిన విషయం కూడా కాదు.

ఆ తల్లి చాలా నెలలు ఆలయానికి రాలేదు. అదే నాకు అన్నిటికంటె పెద్ద శిక్ష అనిపించింది. ఒక భక్తురాలికి ఏడ్చుకొనే చోటు లేకుండ చేసిన అర్చకుడు ఎన్ని అభిషేకాలు చేస్తే ఆ దోషం పోతుంది?

మొన్న ఆషాఢంలో ఒక ఉదయం, ఇంకా ఎవరూ రాకముందే ఆమె వచ్చింది. ప్రదక్షిణ చేసి, ధ్వజస్తంభం ప్రక్కన, అదే చోట కూర్చొనబోయింది. కూర్చొనే ముందు ఆగి నలువైపులా చూచింది. మండపం వైపు, కోనేటి వైపు, వంటశాల వైపు. భగవంతుని వెదకే చూపు కాదు అది. ఫోన్లను వెదకే చూపు. ఎవరూ లేరని నిశ్చయించుకొని కూర్చున్నది.

నేను గర్భాలయంలో ఉన్నాను. ఆమెను పలకరించలేదు. అభిషేకం అయింది, అలంకారానికి తెర వేయవలసిన సమయం వచ్చింది. ఆనాడు ఆ తెరను నిత్యం కంటె కొంచెం ఎక్కువసేపు ఉంచాను. లోపల స్వామి, వెలుపల ఆమె. ఇద్దరినీ ఎవరూ చూడలేదు.

ఆత్మబంధువులారా, ఫోన్ ఎత్తే ముందు ఒక్క క్షణం ఆగండి. ఎదుట ఉన్న మనిషికి తెర ఉన్నదో లేదో చూడండి. లేకపోతే, ఆ తెర మీరే కండి.

స్వస్తి.